జ్వరాన్ని చదివిన హకీమ్ రాజీ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇళ్లలో పిల్లవాడి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, సూది వేయించేదాకా తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. మేమూ అలా ఆదుర్దా పడినవాళ్లమే. ఉమ్ముస్సాయిబ్ (ర) అనే సహాబియా జ్వరాన్ని తిట్టినప్పుడు దైవప్రవక్త (స) వారించారని సహీహ్ ముస్లింలో ఉంది. జ్వరాన్ని తిట్టకుండా, శ్రద్ధగా పరిశీలించిన ఒక మహావైద్యుని గురించి నేడు తెలుసుకుందాం.

అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ క్రీ.శ. 865 ప్రాంతంలో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. రయ్‌లోనూ, బాగ్దాద్‌లోనూ ఆసుపత్రులకు పెద్ద హకీమ్‌గా ఉన్నారు. పేదరోగుల పట్ల దయాశీలి. ధార్మిక విషయాల్లో ఆయన అభిప్రాయాలను ఉలమాలు తప్పుపట్టారు గాని, వైద్యంలో ఆయన ఘనతను ఎవరూ కాదనలేదు.

ఆ రోజుల్లో జ్వరాల విషయంలో గ్రీకు వైద్యుడు జాలీనూస్ రాసిందే వేదవాక్కు. రాజీ ఆయన్ని గురువుగా గౌరవించారు. అయినా ఆసుపత్రిలో తాము చూసిన జ్వరాలు ఎన్నోసార్లు గురువు గ్రంథంలో చెప్పిన దారిన నడవలేదని దాచకుండా రాశారు. మశూచికి, తట్టుకు తేడా చెబుతూ ఒక గ్రంథమే రచించారు. మశూచి జ్వరంలో నడుంనొప్పి ఎక్కువనీ, తట్టులో వికారం, కలత ఎక్కువనీ చూపారు. ఆయన దృష్టిలో జ్వరం లోపలి సంగతి తెలిపే కబురు.

ఆయన కాలానికి తెలియని సంగతి నేటి వైద్యం చెబుతోంది. క్రిములు చొరబడినప్పుడు మెదడే ఒంటి వేడిని పెంచుతుంది. ఆ వేడికి చాలా క్రిముల పెరుగుదల మందగిస్తుంది, తెల్లరక్తకణాలు చురుకవుతాయి. ఇది అల్లాహ్ మన దేహంలో ఉంచిన కాపలా.

అలాగని అశ్రద్ధ తగదు. మూడు నెలల లోపు పసికందుకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, మెడ బిగుసుకున్నా, ఆయాసపడుతున్నా వెంటనే డాక్టరు వద్దకు వెళ్లాలి. రెండు మూడు రోజుల్లో తగ్గని జ్వరాన్నీ చూపించుకోవాలి. వారాల తరబడి సాయంత్రం పూట వచ్చే జ్వరం క్షయకు గుర్తు కావచ్చు. మదనపల్లె పక్కన 1915లో ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వెలిసింది ఆ జబ్బు కోసమే.

చివరి రోజుల్లో రాజీకి చూపు పోయింది. 925 ప్రాంతంలో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసుకున్న కాగితాలను శిష్యులు కూర్చగా ‘అల్ హావీ’ అనే మహాగ్రంథమైంది. అది 1279లో లాటిన్‌లోకి వెళ్లింది. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫే.

ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే కంగారుపడి మందులు మింగించకుండా, రాజీలాగా ముందు రోగిని పరిశీలిద్దాం. అవసరమైన వైద్యం చేయించి, స్వస్థత కోసం అల్లాహ్‌ను వేడుకుందాం.