జెనొఫోన్

జెనొఫోన్ (క్రీ.పూ. సుమారు 430 - క్రీ.పూ. సుమారు 354) ప్రాచీన గ్రీసు దేశపు చరిత్రకారుడు, సేనాని, సోక్రటీస్ శిష్యులలో ఒకడు. చరిత్ర గ్రంథాల వల్ల ప్రసిద్ధుడైనప్పటికీ, గుర్రాన్ని కొనడం, పోషించడం, మచ్చిక చేయడం గురించి ఇతడు వ్రాసిన చిన్న గ్రంథానికి అశ్వప్రియులలో నేటికీ ఆదరణ ఉన్నది. ఈ విషయంపై గ్రీకు భాషలో సంపూర్ణంగా లభిస్తున్న గ్రంథాలలో ఇదే అతి ప్రాచీనమైనది.

బాల్యము, యౌవనము

ఇతడు ఏథెన్స్ రాజ్యంలోని ఎర్ఖియా అనే ఊరికి చెందిన కలిగిన కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు గ్రిల్లస్. ఆ కాలంలో ఏథెన్స్‌లో గుర్రాన్ని పోషించగలగడం సంపన్నులకే సాధ్యమయ్యేది. అశ్వికదళంలో చేరేవారు కూడా వారే. జెనొఫోన్ చిన్ననాటి నుండి స్వారీ నేర్చినవాడని అతని రచనలను బట్టి తెలుస్తున్నది.

పదివేలమందితో ప్రయాణం

క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడు సైరస్ తన అన్నపై దండెత్తినప్పుడు, అతడు కిరాయికి కూర్చుకున్న గ్రీకు సేనతో పాటు జెనొఫోన్ కూడా వెళ్ళాడు. యుద్ధంలో సైరస్ మరణించాడు. తరువాత గ్రీకు సేనానులను పర్షియన్లు మోసంతో పట్టి చంపగా, సైనికులు ఎన్నుకున్న కొత్త నాయకులలో జెనొఫోన్ ఒకడైనాడు. తమకు అశ్వికదళం లేదని దిగులుపడుతున్న సైనికులతో, యుద్ధంలో గుర్రం కరచి గానీ తన్ని గానీ చచ్చినవాడెవడూ లేడని ఇతడు వాదించాడు. గుర్రాలంటే ప్రాణమిచ్చే మనిషి నోట ఈ మాట రావడం విశేషం. కొద్దిరోజులలోనే సామాను మోసే గుర్రాలలో మంచివాటిని ఏరి, యాభైమందితో ఒక అశ్వికదళాన్ని ఏర్పాటు చేయించినవాడు కూడా ఇతడే.

ఆర్మేనియా మంచుకొండలలో గుర్రాల కాళ్ళు కూరుకుపోకుండా వాటికి సంచులు కట్టే ఉపాయాన్ని ఒక గ్రామపెద్ద వీరికి నేర్పాడు. జెనొఫోన్ తన ముసలి గుర్రాన్ని ఆ గ్రామపెద్దకే ఇచ్చి, మేపి బలిష్ఠం చేసి సూర్యునికి బలి ఇమ్మన్నాడు. ఆనాటి ఆచారం అటువంటిది. ఇతని అశ్వప్రేమను మన కాలపు జంతుప్రేమతో ఒకటిగా చూడరాదు.

క్రీ.పూ. 399 నాటికి ఇతని చేతిలో ఇంటికి పోవడానికి దారిఖర్చు కూడా మిగలలేదు. లాంప్సాకస్ పట్టణంలో తన గుర్రాన్ని యాభై డారిక్ బంగారు నాణేలకు అమ్ముకొన్నాడు. ఇతనికి ఆ గుర్రంపై ఎంత మక్కువో విన్న ఇద్దరు మిత్రులు, అవసరం కొద్దీ అమ్మి ఉంటాడని ఊహించి, దానిని విడిపించి తెచ్చి ఇచ్చారు. వెల ఇవ్వబోగా పుచ్చుకోలేదు. తన యుద్ధయాత్రను వర్ణించిన గ్రంథం చివరలో ఈ సంగతిని జెనొఫోన్ మరువకుండా వ్రాసుకొన్నాడు.

స్కిల్లస్ జీవితం

స్పార్టా పక్షం వహించినందువల్ల ఏథెన్స్ ఇతనిని బహిష్కరించింది. స్పార్టావారు ఒలింపియా సమీపంలోని స్కిల్లస్ వద్ద భూమి ఇచ్చారు. అక్కడ ఆర్టెమిస్ దేవతకు చిన్న ఆలయం కట్టించి, వేట, సేద్యం, గ్రంథరచనలతో సుమారు ఇరవై సంవత్సరాలు గడిపాడు. కుమారులు గ్రిల్లస్, డయొడోరస్ అక్కడే పెరిగారు.

అశ్వవిద్యా గ్రంథం

వయసులో చిన్నవారైన మిత్రుల కోసం, తన అనుభవసారంగా ఇతడు ఈ గ్రంథం వ్రాసాడు. తనకు పూర్వం సైమన్ అనే ఏథెన్స్ పౌరుడు ఇదే విషయంపై వ్రాసినట్లు మొదటనే చెప్పి, అతడితో తన అభిప్రాయం కలిసినచోట సంతోషించాడు. ఇంతకంటే వెయ్యేళ్ళ క్రిందట కిక్కులి అనే శిక్షకుడు రథాశ్వాల శిక్షణ గురించి చెప్పిన మట్టిపలకలు హిట్టైటుల రాజధానిలో దొరికాయి. వాటిలో ఏక, పంచ వంటి మన సంఖ్యావాచకాలకు దగ్గరి పదాలు కనిపిస్తాయి. అయితే అందులో ఉన్నది దినచర్య మాత్రమే. గుర్రం మనసును గురించి ఆలోచించినవాడు జెనొఫోన్.

మన అశ్వశాస్త్రాలు సుడులకు ఎంతో ప్రాముఖ్యమివ్వగా, ఇతడు గుర్రం కాళ్ళతో మొదలుపెట్టాడు. పునాది చెడిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా నిరుపయోగమే కదా. డెక్క దళసరిగా, అడుగున గుల్లగా ఉండాలి; అటువంటి డెక్క గట్టి నేలపై తాళంలా మోగుతుంది. ఆనాటి గ్రీకు గుర్రాలకు లాడాలు లేవు, స్వారీకి జీను గానీ రికాబులు గానీ లేవు. కనుక శాల బయట అరకిలో బరువుండే గుండ్రని రాళ్ళు నాలుగైదు బండ్లు పోయించి, వాటిపై గుర్రాన్ని నిలబెట్టి డెక్కలను గట్టిపరచమన్నాడు. శాల యజమాని కంటికి తరచు ఆనేచోట ఉండాలి. దాణా దొంగలపాలు కాకుండా ఉండటమే కాక, గుర్రం మేత సరిగా తినకపోతే వెంటనే తెలుస్తుంది.

పిల్లగుర్రాన్ని లొంగదీసే పని యజమాని స్వయంగా చేయనక్కరలేదు. కొడుకును విద్యకు అప్పగించినట్లు, ఏమేమి నేర్పాలో వ్రాతపూర్వకంగా ఒప్పందం చేసుకొని శిక్షకునికి అప్పగించాలి. కానీ అంతకుముందే అది మనుషులను ఇష్టపడేలా చేయడం యజమాని బాధ్యత. ఆకలి, దప్పిక, ఈగల బాధ మనిషి వల్ల తీరుతున్నాయని పిల్లకు తెలిస్తే చాలు. జనసమ్మర్దంలోకి, రకరకాల చప్పుళ్ళ మధ్యకు దానిని తిప్పాలి. బెదిరితే కొట్టరాదు; కొడితే బెదిరిన వస్తువుకు నొప్పి కూడా తోడై భయం రెట్టింపవుతుంది. ఆ వస్తువును ముందు తాను తాకి చూపి, మెల్లగా దగ్గరకు తీసుకుపోవాలి. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోరాదన్నది ఈ గ్రంథానికి ప్రాణం. బడిపిల్లలకు చదువు చెప్పినవారికి ఈ భాగం కొత్తగా తోచదు.

అయినా ఇతడు గుర్రపు ముల్లును, పదునైన కళ్ళేన్ని నిషేధించలేదు. నున్నని కళ్ళెం ఒకటి, గరుకైనది ఒకటి దగ్గర ఉంచుకోమన్నాడు. యుద్ధంలో రౌతు ప్రాణం గుర్రంపైనే ఆధారపడి ఉంటుంది, కనుక విధేయత తప్పనిసరి.

చివరి దశ

క్రీ.పూ. 371లో స్పార్టా ఓటమి తరువాత స్కిల్లస్ భూమి చేజారింది. కోరింత్ నగరానికి తరలివెళ్ళాడు. ఏథెన్స్‌కు, స్పార్టాకు స్నేహం కుదిరిన తరువాత కుమారులిద్దరూ ఏథెన్స్ అశ్వికదళంలో చేరారు. క్రీ.పూ. 362లో మాంటినియా వద్ద జరిగిన అశ్వికుల పోరులో గ్రిల్లస్ మరణించాడు. జెనొఫోన్ వ్రాసిన గ్రీకు చరిత్ర ఆ మాంటినియా యుద్ధంతోనే ముగుస్తుంది. ఆ అశ్విక పోరులో మంచివారు మరణించారని మాత్రమే అందులో వ్రాసాడు. కుమారుని పేరు ఎక్కడా చెప్పలేదు.