ఇల్లు చేరిన బాటసారి

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమందు న్యేరి అను చిన్న పట్టణము కలదు. అచ్చటి ఔట్‌స్పాన్ హోటలు ఆవరణములో పాక్స్‌టూ అను ఒక చిన్న కుటీరమున్నది. ఇప్పుడది బాలభటోద్యమ చరిత్రను భద్రపరచు చిన్న ప్రదర్శనశాల. దేశదేశములనుండి వచ్చు స్కౌటులు తమ మెడరుమాళ్లను, బ్యాడ్జీలను అచ్చట జ్ఞాపకార్థముగా విడిచిపోవుదురు. అందులో చూచుటకు గొప్ప సంపద ఏమియు లేదు. ఒక వృద్ధ సేనాని తన కడపటి దినములను నెమ్మదిగా గడిపిన ఇల్లది. ఆ వృద్ధుడే బాలభటోద్యమ స్థాపకుడైన రాబర్ట్ బేడెన్ పవెల్.

ఆయన 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరమందు జన్మించెను. తండ్రి ఆంగ్లికన్ సంఘ గురువు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో రేఖాగణితాచార్యుడు. రాబర్ట్‌కు మూడేండ్ల ప్రాయములోనే తండ్రి గతించెను. తల్లి హెన్రియెట్టా ధైర్యము విడువక, తండ్రిలేని బిడ్డలందరిని పెంచి విద్యాబుద్ధులు చెప్పించెను. చార్టర్‌హౌస్ పాఠశాలలో అతడు చదువుకంటె చెంతనున్న అడవినే ఎక్కువగా ప్రేమించెను. ఉపాధ్యాయుల కంటబడకుండ చెట్లచాటున తిరుగుచు, కుందేళ్లను పట్టి, పొగ కనబడని మంటమీద వండుకొనుట నేర్చెను. ఆ ఆటలే ఒకనాడు లోకములోని పిల్లలకు పాఠములగునని ఎవరు తలంచిరి?

పందొమ్మిదేండ్ల ప్రాయములో, 1876లో, అశ్వదళములో చేరి మన దేశమునకు వచ్చి లక్నోలో కొలువు ప్రారంభించెను. జాడలు పట్టుట, చిన్న గుర్తులనుండి పెద్ద సంగతులు గ్రహించుట సైనికులకు నేర్పసాగెను. ఆ పాఠములే 1899లో సైనికులకొరకు ఒక చిన్న పుస్తకముగా వెలువడెను. అదే సంవత్సరము దక్షిణాఫ్రికాలో బోయరుల యుద్ధము ఆరంభమైనది. మఫెకింగ్ పట్టణము 217 దినములు ముట్టడిలో నుండెను. దానిని కాపాడిన అధిపతి బేడెన్ పవెల్. ఆ ముట్టడిలో చిన్నపిల్లలు ఒక దళముగా ఏర్పడి వార్తలు మోసిరి, కావలి కాసిరి. పిల్లలను నమ్మి బాధ్యత అప్పగించినయెడల వారు దానిని నిలువబెట్టుకొందురని ఆయన కన్నులార చూచెను. 1900 మే 17న ముట్టడి తొలగగా ఇంగ్లండులో ఆయన పేరు మారుమ్రోగెను.

ఆ కీర్తివెనుక ఒక నీడయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ముట్టడిలో నల్లజాతివారికి తెల్లవారితో సమానముగా ఆహారము దొరకలేదు. ఆకలితో మరణించినవారు అనేకులు. అంతకుముందు 1896లో మటాబెలె పోరాటమున, పట్టుబడిన ఒక నాయకుని కాల్పించినందుకు ఆయనపై విచారణ జరిగెను; నిర్దోషియని తీర్పు వచ్చినను ఆ రక్తము చరిత్రలో నిలిచియున్నది. పరిశుద్ధ గ్రంథము దావీదు పాపమును దాచలేదు. మనమును మన వీరుల లోపములను దాచవలసిన పనిలేదు.

యుద్ధమునుండి తిరిగివచ్చిన ఆయన, సైనికులకు వ్రాసిన తన పుస్తకమును బాలురు ఆసక్తితో చదువుట చూచెను. గ్లాస్గోలో ఆదివారపు బడి బోధకుడైన విలియం స్మిత్ 1883లోనే బాయ్స్ బ్రిగేడ్ స్థాపించియుండెను. ఆయన ప్రోత్సాహముతో బేడెన్ పవెల్ తన విద్యను యుద్ధమునకు గాక బాలుర నడవడికి మలచుటకు పూనుకొనెను. 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపమందు సుమారు ఇరువదిమంది బాలురతో గుడారములు వేసెను. వారిలో ధనికుల బిడ్డలు, శ్రామికుల బిడ్డలు కలిసి ఒకే పొయ్యిమీద వండుకొని తినిరి. 1908లో బాలురకొరకు ఆయన వ్రాసిన గ్రంథము వెలువడగా, ఊరూర పిల్లలు తమంతట తామే దళములుగా కూడిరి. 1910లో ఆయన సైన్యమును విడిచెను. ఆ యేడే సోదరి ఆగ్నెస్ సహాయముతో బాలికలకు గైడ్ల సంఘము ఏర్పడెను. దేవునియెడల తన ధర్మము నెరవేర్చుటయు, ప్రతిదినము ఇతరులకు ఒక మేలు చేయుటయు స్కౌటు వ్రతమునకు మూలము. దారిప్రక్కన పడియున్నవానిని చూచి ఆగిన సమరయుని త్రోవ ఇదియే గదా!

మన దేశములో ఈ ఉద్యమము 1909లో బెంగుళూరున ఆరంభమైనది. గాని మొదట దానిలో ఐరోపావారి, ఆంగ్లో ఇండియనుల పిల్లలకే చోటు. మన బిడ్డలకు తలుపు మూయబడెను. అందుచేత అనీ బెసెంటు మద్రాసులోను, మదనమోహన మాలవీయ మొదలగువారు ఉత్తరదేశమందును భారతీయ బాలురకు వేరు దళములు స్థాపించిరి. 1921లో బేడెన్ పవెల్ దంపతులు వచ్చినప్పుడు కొన్ని సంఘములు ఏకమాయెను. కాని 1937లో భారతీయుల నడవడినిగూర్చి ఆయన చేసిన వ్యాఖ్యలు మనవారిని గాయపరచెను. కొందరు వేరుపడి మరుసటి సంవత్సరము హిందుస్థాన్ స్కౌట్ సంఘమును స్థాపించిరి. తుదకు 1950 నవంబరు 7న ఆ చీలికలు మాని భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడెను. విత్తినవాని హృదయముకంటె విత్తనము పెద్దదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మొదటి ప్రపంచయుద్ధములో అనేకమంది పూర్వ స్కౌటులు ప్రాణములు కోల్పోయిరి. శత్రుదేశముల బిడ్డలు ఒకరినొకరు ఎరిగియుండినచో అంత ద్వేషము పుట్టునా? ఈ తలంపుతో ఆయన దేశముల మధ్య స్నేహమునకై పాటుపడెను. 1920లో లండనులో మొదటి ప్రపంచ స్కౌటు మహాసభ జరుగగా ఆయనను ప్రపంచ స్కౌటు నాయకునిగా ప్రకటించిరి. 1929లో ఆరో పార్కులో ఒక గొడ్డలిని పూడ్చిపెట్టి, బంగారువన్నె బాణములను సమాధాన సంకేతముగా దేశదేశముల ప్రతినిధులకు పంచెను. ఖడ్గము నాగలి కావలెనని ప్రవక్త కనిన దర్శనమును ఆ వృద్ధ సేనాని తన చేతనైనంత నెరవేర్చజూచెను.

ఆరోగ్యము తగ్గగా 1938లో భార్య ఓలేవ్‌తో న్యేరి చేరెను. ఇంగ్లండులోని వారి గృహము పాక్స్ హిల్; పాక్స్ అనగా లాటిను భాషలో సమాధానము. కనుక ఈ రెండవ గృహమునకు చమత్కారముగా పాక్స్‌టూ అని పేరిడిరి. లోకము రెండవ మహాయుద్ధములో మండుచుండగా, 1941 జనవరి 8న ఆ సమాధాన గృహములో ఆయన కన్నుమూసెను. మరణానంతరము చదువవలెనని స్కౌటులకు ఒక లేఖ వ్రాసియుంచెను. ఇతరులను సంతోషపెట్టుటలోనే నిజమైన సంతోషమున్నదని దాని సారాంశము. ఆ యింటనే 1947 తరువాత మన కుమావూను కొండల జిమ్ కార్బెట్ తన సోదరితో నివసించి, 1955లో గతించి, అదే శ్మశానవాటికలో నిద్రించుచున్నాడు.

బేడెన్ పవెల్ సమాధి రాతిమీద ఒక వృత్తము, దాని నడుమ ఒక చుక్క చెక్కబడియున్నవి. అడవిదారిని ముందు నడిచినవాడు వెనుకవచ్చువారికొరకు పెట్టు గుర్తది. ఇంటికి వెళ్లిపోతినని దాని అర్థము.

ప్రియ చదువరీ, లోపములున్న మంటిఘటములను సైతము దేవుడు తన పనికి వాడుకొనును. ఆయన మన చేతికి అప్పగించిన పిల్లలు మన ఇండ్లలో, మన ఆదివారపు బడులలో ఉన్నారు. జాతి, కులము, ధనము చూచి వారిలో ఎవరికైనను మనము తలుపు మూయుచున్నామా? వారికి మనము విడిచిపోవు జాడ ఎట్టిది? వెనుక వచ్చువారు తప్పిపోకుండ ఇల్లు చేరునట్లు, మన అడుగులను ప్రభువు సరిచేయును గాక.