నీటి వేడికి లెక్క కట్టిన జౌల్

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో లారీ ఎక్కే సామాన్లలో వాషింగ్ మిషన్ ఒకటి. మీ ఇళ్లలోనూ అంతే కదా! అదే మిషన్, అవే యూనిఫారాలు, అదే 40 డిగ్రీల బటన్. అయినా చలి ఊరికి వెళ్తే ఉతకడానికి ఎక్కువ సేపు పడుతుంది, కరెంటూ ఎక్కువ ఖర్చవుతుంది. ఎందుకని? ఆ లెక్క మనకు నేర్పినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

జౌల్ 1818 డిసెంబరు 24న ఇంగ్లండులో, మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రికి బీరు కర్మాగారం ఉండేది. చిన్నతనంలో ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఇంట్లోనే చదువు చెప్పించారు. పదహారో ఏట అన్నతో కలిసి జాన్ డాల్టన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. అవును, మీ సైన్సు పుస్తకంలో పరమాణు సిద్ధాంతం చెప్పిన ఆ డాల్టనే! జౌల్ విశ్వవిద్యాలయంలో చదవలేదు. కర్మాగారం పనులు చూసుకుంటూనే సొంతంగా ప్రయోగాలు చేశాడు.

మొదట అతను తీగలో ప్రవహించే కరెంటును పరిశీలించాడు. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. ఎంత? 1841లో ప్రచురించిన వ్యాసంలో దానికి జవాబు చెప్పాడు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. తీగ నిరోధం పెరిగినా వేడి పెరుగుతుంది. ఫ్రంట్ లోడ్ మిషన్‌లో డ్రమ్ము అడుగున ఉండే హీటర్ ఈ నియమంతోనే పనిచేస్తుంది.

తర్వాత జౌల్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. నిప్పు గానీ కరెంటు గానీ లేకుండా, నీటిని తిప్పితే చాలు వేడెక్కుతుందా? ఒక పాత్రలో నీళ్లు పోసి, అందులో తెడ్లున్న చక్రం అమర్చాడు. దారాలకు కట్టిన బరువులు కిందికి దిగుతుంటే ఆ చక్రం తిరిగేది. బరువులను ఇరవై సార్లు పైకెత్తి దించితే నీటి వేడి పెరిగేది ఫారన్‌హీట్ కొలతలో దాదాపు అర డిగ్రీ! అంత చిన్న తేడాను ఓపికగా, మళ్లీ మళ్లీ కొలిచాడు. పనే వేడిగా మారుతుందని, శక్తి ఎక్కడికీ పోదని తేల్చాడు.

కానీ వినేవారేరీ? 1843లో ఐర్లండులోని కార్క్ నగరంలో శాస్త్రవేత్తల ముందు తన ఫలితాలు చెబితే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. కొత్త బడిలో మొదటి రోజు మనం చెప్పేది ఎవరూ వినకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు. జౌల్ అలిగి కూర్చోలేదు, మరింత జాగ్రత్తగా కొలిచాడు. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో విలియం థామ్సన్ అనే యువకుడు అతని మాట శ్రద్ధగా విన్నాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరు పొందింది ఆయనే. ఇద్దరూ స్నేహితులై ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. 1850లో జౌల్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

1854లో భార్య అమేలియా చనిపోయింది. ఆ దుఃఖంలోనూ ప్రయోగాలు వదల్లేదు. దాదాపు అరవై ఏళ్ల వయసులో, 1878లో, తన పాత కొలతనే మళ్లీ సరిచూసుకున్నాడు. 1889 అక్టోబరు 11న కన్నుమూశాడు. ఆ చివరి కొలతలో వచ్చిన 772.55 అనే అంకెను అతని సమాధి రాయి మీద చెక్కారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. కిలో నీటిని ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడి చేయడానికి సుమారు 4186 జౌళ్లు కావాలి. అంటే కిలో బరువును 427 మీటర్ల ఎత్తుకు మోసినంత పని! మిషన్ 15 లీటర్ల నీళ్లు తీసుకుంటుందనుకోండి. కుళాయి నీళ్లు 30 డిగ్రీలుంటే, 40కి చేర్చడానికి దాదాపు 6.3 లక్షల జౌళ్లు చాలు. చలి ఊళ్లో నీళ్లు 10 డిగ్రీలుంటే దాదాపు 18.8 లక్షలు కావాలి. సరిగ్గా మూడు రెట్లు! మీటరులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. కాబట్టి అక్కడ ఒక్క ఉతుకులో నీళ్లు కాయడానికే అర యూనిట్ పైన ఖర్చవుతుంది. వేడినీళ్లతో ఉతికేటప్పుడు కరెంటులో పెద్ద వాటా హీటర్‌దే, డ్రమ్ము తిప్పే మోటారుది తక్కువ. అందుకే మరీ మురికి లేని బట్టలకు చన్నీళ్ల బటన్ నొక్కితే మంచిది.

ఈసారి బదిలీ అయ్యాక కొత్త క్వార్టర్‌లో ఒక థర్మామీటర్‌తో కుళాయి నీటి వేడి కొలిచి, నోటుబుక్కులో రాసుకోండి. ఏ ఊరికి వెళ్లినా జౌల్ లెక్క మారదు. మారేది మీరు కొలిచే అంకె ఒక్కటే.