మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా: కంపెనీ ఆఫీసు నుంచి రాజ్యాంగ సభకు



మన చరిత్ర అనగానే విల్లు, బాణం, మన్యం పోరాటం గుర్తొస్తాయి. అది మన గర్వం. అయితే కోటు వేసుకుని, కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి, ఆ తర్వాత తన జాతి కోసం చట్టసభలో నిలబడిన ఆదివాసీ కూడా ఒకరున్నారు. ఆయనే జైపాల్ సింగ్ ముండా. చదువుకుంటున్న ప్రతి గిరిజన బిడ్డా ఆయన జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1903 జనవరి 3న రాంచీ దగ్గర ఖూంటీ ప్రాంతంలోని టక్రా అనే పల్లెలో ముండా కుటుంబంలో పుట్టారు. చిన్నప్పటి పేరు ప్రమోద్ పాహన్. రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేరారు. ఆయన తెలివి, ఆటలో చురుకు చూసి ఆ బడి ప్రిన్సిపాల్ ఇంగ్లండు తీసుకెళ్లారు. అడవి పల్లె కుర్రాడు ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో అర్థశాస్త్రం చదివారు. విశ్వవిద్యాలయం హాకీ జట్టులో ఆడారు. తర్వాత ఆ రోజుల్లో అన్నిటికంటే పెద్ద ఉద్యోగమైన ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యారు.

శిక్షణలో ఉండగానే 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్‌గా పిలుపు వచ్చింది. సెలవు ఇవ్వలేదు. అయినా వెళ్లారు. జట్టులో వచ్చిన విభేదాల వల్ల చివరి మ్యాచ్‌ల నాటికి ఆయన ఆటలో లేరు. కానీ ఆయన నాయకత్వంలో మొదలైన ఆ జట్టు ఒక్క గోలు కూడా ఇవ్వకుండా, ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించి హాకీలో మన దేశానికి తొలి ఒలింపిక్ బంగారు పతకం తెచ్చింది. తిరిగి వెళ్లాక ఇంకో ఏడాది శిక్షణ తీసుకోవాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఐ.సి.ఎస్. వదిలేశారు.

అప్పుడు చేరిందే బర్మా షెల్ చమురు కంపెనీ. కలకత్తాలో ఆఫీసరు ఉద్యోగం. తెల్లవాళ్లదే పెత్తనమైన కంపెనీలో ఒక ముండా యువకుడు అలాంటి కుర్చీలో కూర్చోవడం ఆ రోజుల్లో ఊహకు అందని సంగతి. అక్కడే ఉండిపోతే జీతానికి, హోదాకు లోటు ఉండేది కాదు. కానీ ఆయన మనసు చదువు చెప్పడం మీదికి మళ్లింది. ఇప్పుడు ఘనా అని పిలుస్తున్న గోల్డ్ కోస్ట్‌లోని అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పారు. తర్వాత రాయపూర్ రాజకుమార్ కాలేజీలో పనిచేశారు. బికనేర్ సంస్థానంలో ఉన్నత పదవి చూశారు.

ఇన్ని ఊళ్లు తిరిగాక 1938 ప్రాంతంలో సొంత గడ్డ వైపు చూశారు. ఆదివాసీల భూములు చేతులు మారుతున్నాయి, అడవి మీద హక్కు లేదు, అడిగే గొంతు లేదు. 1939 జనవరిలో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు అధ్యక్షులయ్యారు. జనం ఆయన్ని మరంగ్ గోమ్కే అని పిలుచుకున్నారు. ముండారీ భాషలో పెద్ద నాయకుడు అని అర్థం.

1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. తాను అడవి బిడ్డనని సభలోనే గర్వంగా చెప్పుకున్నారు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఎవరో నేర్పవలసింది కాదని, వాళ్ల నుంచే నేర్చుకోవాలని వాదించారు. ఆదివాసీ అనే మాట రాజ్యాంగంలో ఉండాలని పట్టుబట్టారు. చివరికి షెడ్యూల్డు తెగలు అన్న మాటే నిలిచింది. ఠక్కర్ బాపా అధ్యక్షతన గిరిజన ప్రాంతాలపై వేసిన ఉపసంఘంలో ఆయన సభ్యులు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే వచ్చే మన ఏజెన్సీకి రక్షణగా ఉన్న ఐదో షెడ్యూలు వెనుక ఆ చర్చలన్నీ ఉన్నాయి.

మనకు ఇంకో దగ్గరి సంబంధం కూడా ఉంది. 1952లో తొలి లోక్‌సభకు ఆయన రాంచీ పశ్చిమం నుంచి ఎన్నికయ్యారు. అదే సభకు విశాఖపట్నం నుంచి వెళ్లినవారు అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర. తుపాకీ పట్టి బ్రిటిష్ జైలు చూసిన మన మన్యం వీరుడు, ఆక్స్‌ఫర్డ్ చదివిన ముండా నాయకుడు ఒకే సభలో సభ్యులు. దారులు వేరైనా ఇద్దరూ అడవి బిడ్డలే.

ప్రత్యేక జార్ఖండ్ రాష్ట్రం కోసం ఆయన పెట్టిన జార్ఖండ్ పార్టీ 1952లో బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షం అయింది. కానీ రాష్ట్రాల పునర్విభజన సంఘం ఆ కోరికను ఒప్పుకోలేదు. పార్టీ బలం తగ్గుతూ వచ్చింది. 1963లో దాన్ని కాంగ్రెసులో కలిపేశారు. ఈ నిర్ణయం చాలామంది కార్యకర్తలను బాధపెట్టింది. ఇప్పటికీ విమర్శ ఉంది. గొప్పవారి జీవితంలో ఇదీ చదవాలి. నాయకుడు ఎంత పెద్దవాడైనా, సంఘం బలంగా లేకపోతే పోరాటం మధ్యలో ఆగిపోతుంది.

1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. అప్పటికీ లోక్‌సభ సభ్యులే. గిరిజనేతరులు ఏజెన్సీ భూములు కొనకుండా మన రాష్ట్రంలో 1/70 చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆయన కోరిన జార్ఖండ్ మాత్రం 30 ఏళ్ల తర్వాత, 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి రోజున ఏర్పడింది. ఆయన చూడలేదు. కానీ విత్తనం వేసినవారిలో ఆయన ముందు వరుసలో ఉన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాస్టల్ వార్డెన్‌గా నేను ఏటా చూస్తున్నాను. మన పిల్లలు పదో తరగతి, ఇంటర్ దాటి విశాఖకు, హైదరాబాదుకు ఉద్యోగాలకు వెళ్తున్నారు. వెళ్లాలి. కంపెనీల్లో మంచి కుర్చీల్లో కూర్చోవాలి. అయితే కొందరు అక్కడ తమ తెగ పేరు చెప్పడానికి, అమ్మ భాష మాట్లాడడానికి జంకుతున్నారు. జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివీ, కంపెనీలో పనిచేసీ, దేశమంతా వినే సభలో నిలబడి తాను ఆదివాసీనని చెప్పారు. ఎంత ఎత్తుకు ఎదిగినా మీ పేరు, మీ ఊరు, మీ జాతి మీ వెంటే ఉండనివ్వండి. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక పిల్లవాడికి ఒక పాఠం చెప్పండి, పట్టా కాగితం చదవలేని ఒక పెద్దాయనకు చదివి వినిపించండి. మరంగ్ గోమ్కేకు మనం పెట్టే దండ అదే.

జై ఆదివాసీ.