మాట ఆగిన చోట: ఇమామ్ గజాలీ (రహ్మ)

ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ) హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మ) వద్ద విద్యనభ్యసించారు. హిజ్రీ 484లో సల్జూఖీ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయన్ని బగ్దాద్‌లోని నిజామియా మదరసాకు ఉస్తాద్‌గా నియమించాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై నాలుగేళ్ళే! మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠాలు వినేవారు. తత్వవేత్తల వాదాలను ఖండిస్తూ 'తహాఫుతుల్ ఫలాసిఫా' రాశారు. వాదనలో ఆయనకు ఎదురు నిలిచేవారు అరుదు.

తర్వాత ఆయన సూఫీ మహనీయుల గ్రంథాలు చదివారు. చదివి తెలుసుకోగలిగినదంతా తెలుసుకున్నారు. మిగిలింది చదివితే వచ్చేది కాదని, అనుభవించి తెలుసుకోవలసిందని గ్రహించారు. ఆరోగ్యం అంటే ఏమిటో వివరించగల వైద్యుడు కూడా రోగి కావచ్చు. వివరణ తెలిసినంత మాత్రాన ఆరోగ్యం రాదు కదా! తన బోధన వెనుక అల్లాహ్ ప్రసన్నత కాక పేరుప్రతిష్ఠల కాంక్ష ఉందేమోనన్న భయం కూడా ఆయన్ని పట్టుకుంది.

హిజ్రీ 488 రజబ్ (క్రీ.శ. 1095) నుండి దాదాపు ఆరు నెలలు ఆయన మనసులో పెనుగులాట సాగింది. చివరికి నాలుక మొరాయించింది. పాఠం చెప్పాలని ఎంత ప్రయత్నించినా ఒక్క మాట పెగల్లేదు. అన్నం సయించలేదు. రోగం మనసుదని, మందులతో నయం కాదని వైద్యులు చేతులెత్తేశారు. ఆయన నిస్సహాయంగా అల్లాహ్‌ను వేడుకున్నారు. కుటుంబ పోషణకు సరిపడా ఉంచి, మిగతా సంపదను పంచేసి, బగ్దాద్‌ను విడిచారు. దమిష్క్ (డమాస్కస్), బైతుల్ మఖ్దిస్ (జెరూసలేం)లలో ఏకాంత ఆరాధనలో గడిపారు. హజ్ చేశారు. 'ఇహ్యాఉ ఉలూమిద్దీన్' ఆ సంవత్సరాల ఫలమే.

హిజ్రీ 499లో నీషాపూర్‌లో మళ్ళీ బోధనకు కూర్చున్నారు. కానీ దైవసామీప్యంలో తాను పొందినదాన్ని మాటల్లో పెట్టే ప్రయత్నం చేయలేదు. అలా ప్రయత్నించినవారు దాసుడు దైవంలో లీనమయ్యాడనే పొరపాటు మాటల్లో పడతారని హెచ్చరించారు. ఆయన చివరి రచన 'ఇల్జాముల్ అవామ్' కూడా నాలుకకు కళ్ళెం వేయడం గురించే. అల్లాహ్ గుణగణాలను తెలిపే వాక్యాలను విశ్వసించాలి, ఆయన్ని సృష్టితో పోల్చకూడదు, మన అశక్తతను ఒప్పుకోవాలి, తెలియని చోట మౌనం వహించాలి అన్నది దాని సారం. అది పూర్తయిన కొన్ని రోజులకే, హిజ్రీ 505 జమాదిస్సానీ 14 (క్రీ.శ. 1111 డిసెంబర్)న, తూస్‌లో పరమపదించారు.

సోదరులారా! మాట్లాడలేకపోవడం ఆయనకు శిక్ష కాదు, చికిత్స అయింది. మనం దీన్ గురించి ఎంతో మాట్లాడుతున్నాం. అందులో మన హృదయం రుచి చూసింది ఎంత? అల్లాహ్ మనకు ఆచరణ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.