జి. డి. నాయుడుగారు

మన పటాన్‌చెరు, సంగారెడ్డి కార్ఖానాలలో యంత్రములు విప్పి కడుగు బాలురకు ఈ చరిత్రము ప్రీతికరము కాగలదు. నాయుడుగారు 1893 లో కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించిరి. చదువు అంతగా అబ్బలేదు. ఒక దొర నడుపు రడ్జి మోటారు సైకిలును చూచి ముగ్ధులై, హోటలులో వడ్డనపని చేసి కూడబెట్టిన సొమ్ముతో దానినే కొనిరి. కొని, ఏమి చేసిరి? భాగము భాగముగా విప్పివేసిరి! మరల కూర్పలేకున్న అంతకాలపు కష్టార్జితము మట్టిపాలే గదా. ఈ పని సులభమని మేమనము. పిస్టనుపై పేరుకొన్న మసి గీకి, ప్రతి మరను కిరసనాయిలుతో కడిగి, దేని చోటు దానికి జ్ఞాపకముంచుకొనవలెను. ఇసుకరేణువు మిగిలినను సిలిండరు గీరుకొనిపోవును. వారు కూర్చిరి, బండి నడచెను. 1920 లో ఒక బస్సుతో రవాణా వ్యాపారము నారంభించిరి. 1937 లో బాలసుందరము నాయుడుగారితో కలసి స్వదేశీ విద్యుత్ మోటారును నిర్మించిరి. పిమ్మట కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కును స్థాపించి, 1974 లో పరమపదించిరి.