సవరల మిత్రుడు గిడుగు రామమూర్తి

క్రొత్త నేలపై నడుగు పెట్టినవానికి మొట్టమొదట కావలసినది అచటి ప్రజల భాష. దానిని సంపాదించు మార్గములు రెండు. ఒకటి బలము; రెండవది స్నేహము.

1534లో జాక్ కార్టియే అను ఫ్రెంచి నావికుడు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి నేటి కెనడా తీరమును చేరెను. అచటి ఆదివాసుల నాయకుడగు డొన్నకొన కుమారుల నిద్దరిని ఓడ నెక్కించుకొని ఫ్రాన్సునకు గొనిపోయెను. వారికి ఫ్రెంచి నేర్పించి, మరుసటి యేడు దుబాసీలుగా వెంటబెట్టుకొని తిరిగి వచ్చెను. ఆ శీతకాలమున చిగుళ్లు చెడి, కాళ్లు వాచు వ్యాధి సోకి నావికులలో సుమారు ఇరువదియైదుగురు మరణించిరి. ఒక చెట్టు ఆకులను, బెరడును కాచి త్రాగవలెనని చెప్పి మిగిలినవారిని బ్రతికించినవాడు ఆ యిద్దరు సోదరులలో ఒకడు. అయినను 1536లో కార్టియే తిరిగి పోవునపుడు డొన్నకొనను కుమారులతో సహా బంధించి తీసికొనిపోయెను. ఆ నాయకుడు జన్మభూమిని మరల చూడకయే ఫ్రాన్సులో కన్నుమూసెను.

ఫ్రెంచివారు మన తీరమునకును వచ్చిరి. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను వారి సేనాని బుస్సీకి సైన్యపు వ్యయముల నిమిత్తము ఒసగెను. పలాస, టెక్కలి ప్రాంతములు అందలి చికాకోలు సర్కారులోనివి. ఆ దొరతనమునకు కావలసినది పన్నుల రాబడి.

ఉద్దానపు కొబ్బరితోటలను దాటి పడమటి దెసకు చూచినచో మహేంద్రగిరి పర్వతపంక్తి కనబడును. ఆ కొండలలో తరతరములుగా నివసించువారు సవరలు. పోడు వ్యవసాయము వారి వృత్తి. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. ఆ భాష కొరకు స్నేహమార్గమును త్రొక్కిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన వంశధార యొడ్డున శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. పండ్రెండవ యేటనే తండ్రి గతింపగా, విజయనగరములో మేనమామ యింట నుండి చదువుకొనిరి. అచట గురజాడ అప్పారావుగారు వారి సహాధ్యాయి. 1880లో నెలకు ముప్పది రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయులైరి.

టెక్కలికి అనతిదూరమున నున్న పర్లాకిమిడి చుట్టును సవరపల్లెలు గలవు. భాష తెలియనందున సవరలు పట్టణవాసులకు అపరిచితులుగనే యుండిరి. వారికి విద్య చెప్పవలెనన్న ముందుగా తాను వారివద్ద విద్యార్థి కావలెనని రామమూర్తిగారు తలంచిరి. తెలుగును, సవరయు తెలిసిన యొకనిని తన యింటనే యుంచుకొని భాష నేర్చుకొనసాగిరి. తరువాత తామే కొండలెక్కి, గూడెములలో తిరిగి, కథలను, పాటలను, మాటలను విని వ్రాసికొనిరి. గొంతులో ఊపిరిని ఆపి పలుకు ధ్వనులు ఆ భాషలో గలవు. తెలుగు చెవికి అవి సులభముగా పట్టుబడవు. వాటికొరకు ధ్వనిశాస్త్రమును సైతము అభ్యసించిరి.

ఆ యడవులలో తిరుగుట వలన వారికి మలేరియా జ్వరము సోకెను. దానికై సేవించిన క్వినైను వలన చెవుడు కలిగి జీవితాంతము వేధించెను. ధ్వనులను వినుటకై కొండలెక్కిన పండితునకు వినికిడియే కొరవడెను! అయినను వారు పనిని విడువలేదు.

రామమూర్తిగారు సవరభాషలో పాఠ్యపుస్తకములు వ్రాసిరి. స్వంత ధనముతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయుల జీతములను తామే చెల్లించి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. మద్రాసు ప్రభుత్వము పుస్తకములకు పారితోషికము నీయబూనగా, దానిని నిరాకరించి, ఆ ధనముతో సవరలకు పాఠశాల పెట్టుడని కోరిరి. ప్రభుత్వము 1913లో వారికి రావు బహదూరు బిరుదు నొసగెను. వారు రచించిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడెను. అది ముప్పదియేండ్లకు మించిన పరిశ్రమకు ఫలము.

కొండలలో గ్రహించిన సత్యమునే వారు మైదానమునను చాటిరి. సవర బాలునకు సవరలో వలెనే తెలుగు బాలునకు అతడు మాటలాడు తెలుగులోనే చదువు సాగవలెనని వాదించిరి. వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులై, పండితుల ప్రతిఘటనకు జంకక పోరాడిరి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, దానికి సమ్మతింపని రామమూర్తిగారు ఐదు దశాబ్దములకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పరమపదించిరి. వారి జన్మదినము నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది.

సముద్రములు దాటి ఖండములను కనుగొన్నవారి పేళ్లు భూపటములపై నిలిచినవి. రామమూర్తిగారు తన యింటినుండి కొలది క్రోసుల దూరములోనున్న కొండల వరకే పయనించిరి. కాని ఎవరిని బంధింపక, ఎవరి నేలను కోరక, చేత పుస్తకముతో శిష్యునివలె పోయి, గురువై తిరిగివచ్చిరి.